హోమ్ కేర్ సిబ్బందికి రాతకోతల భారం తగ్గించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్లు మార్చే, ఇంజెక్షన్లు ఇచ్చే, మంచం పట్టినవాళ్లను లేపి నడిపించే నర్సులు, ఫిజియోథెరపిస్టులు, సహాయకుల కోసం, వాళ్ల పని చూసే సూపర్‌వైజర్ల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాసిందే మళ్లీ రాయాల్సి రావడం, ఎవరూ చదవరని తెలిసీ రాయాల్సి రావడం, అలసటలో ఎక్కువ భాగం ఈ రెండింటిదే. కింది జవాబులన్నీ ఆ మాట చుట్టూనే తిరుగుతాయి.

ఆసుపత్రి నర్సులూ రాస్తారు కదా, హోమ్ కేర్‌లోనే ఎందుకింత గోల?

ఆసుపత్రిలో ఒక రోగి రికార్డు పదిమంది చేతుల మీదుగా తయారవుతుంది. ల్యాబ్ రిపోర్టు దానంతటదే వచ్చి చేరుతుంది. డ్యూటీ మారేటప్పుడు రెండు మాటలు నోటితో చెప్పేస్తే సరిపోయే విషయాలూ చాలా ఉంటాయి. ఇంటికి వెళ్లే నర్సు ఒంటరి. ఆమె ఏం చూసిందో, ఏం చేసిందో ఇంకెవరూ చూడలేదు. డాక్టరు, డబ్బు కట్టే సంస్థ, రేపు వెళ్లబోయే మరో నర్సు, అందరికీ ఆధారం ఆమె రాసిన కాగితమే. దాంతో ఎవరికి కావలసిన ఫారం వాళ్లు ఆమె చేతికి తగిలిస్తారు. వెళ్లినట్టు రుజువు ఒకరికి కావాలి, వెళ్లాల్సిన అవసరం ఉన్నట్టు రుజువు ఇంకొకరికి. మూడోవాళ్లకు రోగి సంతకం కావాలి.

పైగా ఆమెకు బల్ల లేదు, కుర్చీ లేదు. ఒక ఇంటి మెట్లు దిగి ఇంకో ఇంటి మెట్లెక్కే లోపు బండి మీద కూర్చుని రాయాలి. కుదరకపోతే రాత్రి ఇంటికెళ్లాక, పిల్లలు పడుకున్నాక రాయాలి. ఇలా రాత్రిళ్లు చేసే కంప్యూటర్ పనికి వైద్య రంగంలో ‘పైజామా టైమ్’ అని ఒక ఎకసెక్కపు పేరు కూడా స్థిరపడిపోయింది. వేళాకోళంగా పుట్టిన మాటే అయినా ఇప్పుడు పరిశోధన వ్యాసాల్లో కూడా కనిపిస్తోంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త సాఫ్ట్‌వేర్ దుకాణంలో మాత్రం వద్దు. ఈ మధ్య చేరిన ఒక రోగి ఫైలు తీయండి. మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా బల్ల మీద పరచండి. కంప్యూటర్‌లో ఉంటే ప్రింట్ తీసి మరీ పరచండి, తెర మీద చూస్తే ఈ లెక్క తేలదు. ఒక రంగు పెన్ను తీసుకుని రోగి పుట్టిన తేదీ ఎన్నిచోట్ల రాశారో గుర్తు పెట్టండి. ఇంకో రంగుతో అలర్జీలు. మరో రంగుతో మందుల జాబితా. పావుగంట కూడా పట్టదు. ఆ కాగితాలు రంగుల ముగ్గులా తయారయ్యాక ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఉండదు.

ఆ తర్వాత అసలు పని. ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి ‘దీన్ని ఎవరు చదువుతారు? చదివి ఏం చేస్తారు?’ అని అడగండి. జవాబు పేరుతో రావాలి. ‘ఆడిట్ వాళ్లు చూస్తారేమో’ అన్నది జవాబు కిందకు రాదు. ఈ కూర్చోవడంలో రోజూ ఇళ్లకు వెళ్లే నర్సు ఒకరు, బిల్లింగ్ చూసేవారు ఒకరు, నియమాలు బాగా తెలిసినవారు ఒకరు తప్పనిసరిగా ఉండాలి. బిల్లింగ్ వాళ్లు లేకుండా తీసేసిన గడి నెల తిరిగేసరికి తిరిగొస్తుంది.

ఇది ఎక్కడైనా నిజంగా పనిచేసిందా?

ఆసుపత్రుల్లో ఒక మంచి ఉదాహరణ ఉంది. హవాయి పసిఫిక్ హెల్త్ అనే సంస్థ 2017లో తన ఉద్యోగులందరినీ ఒకటే అడిగింది: మా కంప్యూటర్ రికార్డులో అర్థం లేని పని ఏదనిపిస్తే అది చెప్పండి. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు తెలుగులో చెప్పాలంటే ‘పిచ్చి పనులు వదిలించుకుందాం’. గంటకోసారి రోగిని చూసి వచ్చామని నర్సులు నొక్కాల్సిన ఒక గడి అలా బయటపడింది. ఆ ఒక్క గడి తీసేస్తే నాలుగు ఆసుపత్రుల్లో కలిపి నెలకు సుమారు 1,700 నర్సు గంటలు మిగిలాయని ఆ సంస్థ డాక్టరు 2018లో ప్రచురించారు. నర్సులు రోగులను చూడటం మానలేదు, చూశామని నొక్కడం మానేశారు.

హోమ్ కేర్‌లో అయితే నెదర్లాండ్స్‌లోని బ్యూర్ట్‌జోర్గ్ పేరు చెప్పాలి. యోస్ డి బ్లాక్ అనే నర్సు 2006లో కొందరు తోటి నర్సులతో మొదలుపెట్టిన సంస్థ ఇది. 12 మందికి మించని చిన్న జట్లు, పైన మేనేజర్లు లేరు, పని పంపకం జట్టే చూసుకుంటుంది. వేలమంది నర్సులు చేరాక కూడా కేంద్ర కార్యాలయంలో ఉన్నది కొద్ది పదుల మందే. అక్కడి రికార్డుకు పునాది ఒమాహా పద్ధతి. 1970లలో అమెరికాలోని ఒమాహా నగరంలో ఇళ్లకు వెళ్లే నర్సులు తమ పని కోసం తామే తయారు చేసుకున్న పద్ధతి అది. రోగి సమస్యలకు 42 పేర్ల జాబితా ఒకటి, నర్సు చేసే పనులకు నాలుగు తరగతులు. ప్రతి సమస్య మీదా రోగికి ఎంత తెలుసు, ఎలా నడుచుకుంటున్నాడు, పరిస్థితి ఎలా ఉంది అనే మూడింటికి 1 నుంచి 5 దాకా అంకెలు. ఇళ్లకు వెళ్లే చేతులే ఆ ఫారాన్ని గీశాయి గనకే అది వాళ్ల పనికి అతుకుతుందని నా నమ్మకం.

‘రాయకపోతే చేయనట్టే’ అని మాకు నేర్పారు. తగ్గించి రాస్తే రేపు కోర్టులో ఎవరు కాపాడతారు?

ఈ సూత్రం భయం మీద పెరిగింది. ఉద్దేశం మంచిదే. కానీ దాన్ని పట్టుకుని మామూలుగా ఉన్న ప్రతి అవయవం గురించీ రోజూ ఒక పేరా రాస్తూ పోతే, మంగళవారం కొత్తగా వచ్చిన కాలి వాపు ఆ పేరాల మధ్య ఎవరి కంటికీ పడదు. పడాల్సిన సంగతి పడనప్పుడు ఆ మందపాటి ఫైలే మనకు ఎదురు సాక్ష్యం చెబుతుంది.

1980లలోనే అమెరికాలోని మిల్వాకీ నర్సులు దీనికి ఒక దారి చూపారు. మామూలు అంటే ఏమిటో ముందే నిర్వచించి రాసిపెట్టుకోవడం, అందులో ఉంటే ఒక టిక్కు, దాటితే వివరంగా రాయడం. దీన్నే తేడాలు మాత్రమే రాసే పద్ధతి అనొచ్చు. దీనికొక షరతు ఉంది. ‘మామూలు’ అన్న నిర్వచనం స్పష్టంగా, సంస్థ ఆమోదంతో, అందరి దగ్గరా ఒకే రకంగా ఉండాలి. ఊపిరితిత్తులు మామూలు అంటే నిమిషానికి శ్వాస ఎంతలోపు, శబ్దాలు ఎలా, దగ్గు ఉందా లేదా అన్నది అందులో ఉండాలి. ఆ నిర్వచనం లేకుండా టిక్కులు మాత్రం పెట్టించే సంస్థలో ఉంటే భయపడటం సబబే. అలాంటి చోట నేనైతే పేరాలే రాస్తాను.

ఏది తగ్గించకూడదు?

మందులు, రోగి స్థితిలో మార్పు, డాక్టరుకు చెప్పిన మాట, డాక్టరు ఇచ్చిన ఆదేశం, కింద పడటం, సమ్మతి. వీటిలో పొదుపు వద్దు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఎన్ని గంటలకు, ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు అన్న మూడూ ఉండాలి.

మందుల జాబితా రాయడానికే సగం సమయం పోతోంది. ఏం చేయాలి?

ఇది నిజంగా కష్టమైన చోటు, అందుకే కొంచెం ఆగుదాం. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోగికి మామూలుగా మూడు జాబితాలు ఉంటాయి. డిశ్చార్జ్ కాగితంలో ఒకటి, కుటుంబ డాక్టరు దగ్గర ఒకటి, ఇంట్లో డబ్బాలో ఉన్నది ఒకటి. మూడూ కలవవు. ఒకే మందు కంపెనీ పేరుతో ఒక సీసాలో, అసలు పేరుతో ఇంకో సీసాలో ఉండి, రోగి రెండూ వేసుకుంటూ ఉంటాడు. ఈ పోలికలో ప్రాణాలు నిలబడతాయి. దీన్ని తగ్గించమని నేను చెప్పను.

తగ్గాల్సింది పోల్చాక జరిగే నకలు పని. పోల్చి తేల్చిన జాబితా ఒకటే ఉండాలి, ఒకేచోట. అంచనా పత్రం, కేర్ ప్లాన్ (రోగికి ఏ సేవలు ఇవ్వాలో రాసుకున్న పత్రం), డాక్టరుకు పంపే ఉత్తరం, ఇంట్లో ఉంచే ఫైలు, అన్నీ అందులోంచే తీసుకోవాలి. ఆ తర్వాతి విజిట్లలో ‘జాబితా చూశాను, మార్పు లేదు’ అని ఒక వరుస, మార్పు ఉంటే ఆ మార్పు మాత్రం. 14 మందుల పేర్లు ప్రతి విజిట్‌లోనూ చేత్తో రాయించే పద్ధతిలో భద్రత ఏమీ పెరగదు. నకలు రాసేటప్పుడు జారిన ఒక సున్నా ఎంత పని చేస్తుందో నర్సులకు చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న చిట్కా. విజిట్‌కు ముందురోజు ఫోన్ చేసినప్పుడే ‘మందులన్నీ ఒక సంచిలో వేసి ఉంచండమ్మా, పాతవి కూడా’ అని చెప్పేస్తే ఇల్లంతా వెతికే సమయం మిగులుతుంది.

పుండు గురించి ఎంత రాయాలి?

పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో. తల వైపు 12 గంటలు అనుకుని గడియారం లెక్కన దిక్కులు. స్రావం ఎంత, ఏ రంగు. చుట్టూ చర్మం. నొప్పి. కొలతలు వారానికోసారి, వీలైతే ఒకే నర్సు. మిగతా రోజుల్లో కట్టు మార్చినట్టూ, ఏదైనా తేడా ఉంటే అదీ. సమ్మతి తీసుకుని కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫొటో ఒక పేజీ వర్ణన కంటే మేలు. ఆ ఫొటో నర్సు సొంత ఫోన్ గ్యాలరీలో మాత్రం మిగలకూడదు.

ప్రభుత్వం, ఇన్సూరెన్స్ అడిగేవి మన చేతుల్లో లేవు కదా?

కొన్ని లేవు. అమెరికాలో మెడికేర్ (ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) గుర్తింపు ఉన్న హోమ్ హెల్త్ సంస్థలు 1999 నుంచి ఒయాసిస్ అనే పెద్ద అంచనా పత్రం నింపుతున్నాయి. 2023 జనవరి 1 నుంచి దాని కొత్త రూపం ఒయాసిస్-ఇ అమల్లోకి వచ్చింది. 2025 జులై 1 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, డబ్బు ఎవరు కడుతున్నా రోగులందరికీ తప్పనిసరి చేశారు. దీన్ని తీసేయడం ఏ సంస్థ చేతుల్లోనూ లేదు.

కానీ నియమం అడిగేదానికీ, నియమం పేరు చెప్పి మనం మనకే తగిలించుకునేదానికీ చాలా దూరం ఉంటుంది. అదే ఒయాసిస్ చూడండి. పిలుపు వచ్చాక మొదటి విజిట్ 48 గంటల్లో జరగాలి. పూర్తి అంచనాకు సేవ మొదలైన రోజు నుంచి 5 రోజుల గడువు ఉంది. అయినా చాలామంది నర్సులు మొదటి రోజే రెండు మూడు గంటలు కూర్చుని అంతా ముగించాలని చూస్తారు. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన రోగి మధ్యలోనే నిద్రలోకి జారుకుంటాడు, జవాబులూ సరిగా రావు. ప్రాణానికి, భద్రతకు సంబంధించినవి మొదటి రోజు అడిగి, స్నానం ఎలా చేస్తారు, మెట్లు ఎలా ఎక్కుతారు లాంటివి రెండో విజిట్‌లో కళ్లారా చూసి రాస్తే నాణ్యత కూడా పెరుగుతుంది.

అందుకే ‘ఇది రూలు’ అని ఎవరన్నా ‘ఏ రూలు, ఎన్నో క్లాజు, చూపిస్తారా’ అని మర్యాదగా అడగండి. చూపిస్తే ఆ గడి ఉంటుంది. వెతికి వెతికి ‘ఎప్పటినుంచో ఇలాగే ఉంది’ దగ్గర ఆగితే తీసేయొచ్చు. ఏళ్ల క్రితం వెళ్లిపోయిన మేనేజరుకు నచ్చిన ఫారం ఆ మనిషి పేరు కూడా ఎవరికీ గుర్తులేని రోజుల్లో నడుస్తూ ఉండటం నేను చూశాను.

అందరికీ ట్యాబ్లెట్లు ఇస్తే సరిపోతుందా?

పాత ఫారాన్ని అలాగే తెర మీదకు ఎక్కిస్తే భారం పెరుగుతుంది. కాగితం మీద ఖాళీ వదిలేసి ముందుకు పోవచ్చు. తెర మీద ఎర్ర చుక్క పెట్టి ‘ఇది నింపందే కదలను’ అంటుంది. ట్యాబ్లెట్ కొనేముందు చూడాల్సినవి చెబుతాను. పోయిన విజిట్‌లో రాసిన మారని వివరాలు దానంతటవే వస్తున్నాయా? సిగ్నల్ లేనప్పుడు పనిచేసి, సిగ్నల్ వచ్చాక తనే పంపుతుందా? ఇది లేకపోతే మిగతావన్నీ దండగ. బీపీ మిషన్ అంకె నేరుగా ఎక్కుతుందా? గ్లవ్స్ తీసి వేసుకోవడం ఎన్నిసార్లు? ఈ చివరి ప్రశ్న అమ్మేవాళ్లను అడిగితే వాళ్ల ముఖం చూడాలి.

కొనేముందు ఇద్దరు నర్సులకు రెండు వారాలు ఇచ్చి నిజమైన ఇళ్లలో వాడించండి. ఆఫీసు గదిలో చూపించే డెమోలో వైఫై ఎప్పుడూ బాగానే ఉంటుంది.

రోగి ఎదురుగా రాయడం అమర్యాదగా ఉంటుందేమో?

తల వంచుకుని టకటకా కొట్టుకుంటూ కూర్చుంటే ఉంటుంది. అదే రాత రోగికి కూడా వినిపిస్తే ఉండదు. ‘బీపీ 150 వచ్చింది పెద్దాయనా, పోయిన వారం 140, అదే రాస్తున్నాను’ అంటే ఆయనకు తన సంగతి తెలుస్తుంది, తప్పు ఉంటే అక్కడే దిద్దుతాడు. కొలతలు, టిక్కులు ఎదురుగా. కన్నీళ్లు, కుటుంబ గొడవలు, చావు కబుర్లు వచ్చినప్పుడు మాత్రం ట్యాబ్లెట్ మూసేయండి. అవి బయటికొచ్చి రెండు వాక్యాల్లో రాసుకోవచ్చు.

వెళ్లినట్టు లొకేషన్ నమోదు చేసే యాప్‌లు నిఘా కాదా?

అమెరికాలో 2016 చివర్లో వచ్చిన ఒక చట్టం మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) కింద ఇచ్చే ఇంటి సేవలకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో విజిట్ నిర్ధారణ ఉండాలంది. అందులో అడిగేవి ఆరే: ఏ సేవ, ఎవరికి, ఏ తేదీన, ఎక్కడ, ఎవరు చేశారు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది. ఆ ఆరూ ఫోన్ దానంతటదే పట్టుకోగలిగితే కాగితం టైమ్‌షీటూ, రోగి సంతకం తీసుకునే చీటీ చాలావరకు అక్కర్లేకుండా పోవాలి. యాప్ పెట్టి, చీటీ కూడా ఉంచితే రెట్టింపు పని అయింది.

నిఘా భయం వట్టిది కాదు. విజిట్ మొదట్లో, చివర్లో మాత్రమే లొకేషన్ తీసుకునే యాప్ వేరు, రోజంతా వెంటాడే యాప్ వేరు. ఏది పెడుతున్నారో సిబ్బందికి ముందే రాతపూర్వకంగా చెప్పడం సంస్థ బాధ్యత.

పాత విజిట్ నోట్ కాపీ చేసి తేదీ మారిస్తే తప్పా?

పనికొచ్చే అలవాటే ప్రమాదంగా మారే చోటు ఇది. నిన్నటి నోట్‌లో ‘ఎడమ కాలు వాపు’ ఉంటే, వాపు తగ్గిపోయాక కూడా మూడు వారాలు ఆ వాపు ఫైల్లో బతికే ఉంటుంది. మారని విషయాలు (అలర్జీలు, పాత ఆపరేషన్లు) ముందుకు తెచ్చుకోవచ్చు. ఈ రోజు కళ్లతో చూసి, చేత్తో తాకి తెలుసుకున్నది ఈ రోజే రాయాలి. సాఫ్ట్‌వేర్‌లో అయితే తెచ్చుకున్న అక్షరాలు వేరే రంగులో కనిపించేలా పెట్టమనండి.

మనం మాట్లాడితే తనే నోట్ రాసిపెట్టే ఏఐ వాడొచ్చా?

వాడొచ్చు, కళ్లు తెరుచుకుని. ఫోన్‌కు చెబితే అక్షరాలుగా మార్చే సాధారణ డిక్టేషన్ బండి దగ్గర నిలబడి రెండు నిమిషాల్లో నోట్ ముగించడానికి బాగా పనికొస్తుంది. సంభాషణ మొత్తం విని సారాంశం రాసే కొత్త రకాలు వేరు. అవి జరగని పరీక్ష జరిగినట్టు రాసే అవకాశం ఉంది, ‘లేదు’ అన్న ఒక్క మాట జారిపోవచ్చు. ఇంట్లో టీవీ మోగుతుంటుంది, ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, రెండు భాషలు కలుస్తాయి. రోగి, ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి, ఆ రికార్డింగ్ ఎక్కడికి పోతుందో సంస్థ చెప్పగలగాలి, సంతకం పెట్టేముందు నర్సు చదవాలి. చదవడానికి పట్టే సమయం రాయడానికి పట్టేదానికంటే ఎక్కువైతే దాన్ని పక్కన పెట్టేయడమే.

సహాయకుల సంగతేమిటి? వాళ్లకూ ఫారాలే కదా?

వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే వాళ్ల ఫారాలు అందరికంటే పాతవి. స్నానం, బట్టలు, తిండి, నడక లాంటి పనులకు కేర్ ప్లాన్‌లో ఉన్నవే టిక్కులుగా రావాలి. 40 పనుల జాబితా ఇచ్చి అందులో ఆరు టిక్కు పెట్టమనడం అన్యాయం. వాళ్లకు బాగా వచ్చిన భాషలో ఉండాలి. కింద ఒకే ఖాళీ గడి చాలు: ‘ఈ రోజు ఏదైనా తేడా కనిపించిందా?’ రోజూ నాలుగు గంటలు రోగి పక్కనే ఉండే మనిషి కంటికి నర్సుకంటే ముందే చాలా కనబడతాయి. ఆ గడి చదివే మనిషి ఎవరో మాత్రం ముందే తేల్చండి.

రాత పనికి జీతం ఇవ్వాలా?

ఇవ్వాలి. విజిట్‌కు ఇంత అని లెక్క కట్టే చోట రాత పని కంటికి కనిపించని ఉచిత శ్రమగా మిగిలిపోతుంది. ఉచితంగా దొరికేదాన్ని తగ్గించాలని ఏ సంస్థకూ తోచదు. రాసే గంటలకూ డబ్బు కట్టడం మొదలైన నెలలోనే ఫారాల లెక్క తీస్తారు.

తగ్గిందో లేదో ఎలా కొలవాలి?

మార్పుకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు చూస్తే చాలు. విజిట్ ముగిసిన సమయానికీ, నోట్ మూసిన సమయానికీ మధ్య ఎన్ని గంటలు? రాత్రి 8 దాటాక మూసిన నోట్లు ఎన్ని? తప్పుల కోసం తిరిగొచ్చినవి ఎన్ని? సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఇవన్నీ అందులోనే ఉంటాయి, నర్సులను మళ్లీ ఒక ఫారం నింపమనకండి. రాత భారం మీద సర్వే అంటూ 60 ప్రశ్నలు పంపిన మహానుభావులూ ఉన్నారు.

తీసేసిన గడులు ఏడాదిలో మళ్లీ వచ్చేస్తున్నాయి. ఎందుకు?

ఎక్కడో ఒక పొరపాటు జరుగుతుంది. పైవాళ్లు ‘ఏదో ఒకటి చేయాలి’ అంటారు. అన్నిటికంటే తేలిగ్గా చేయగలిగింది ఒక గడి కలపడం. అలా కలిపిన గడి ఆ పొరపాటును నిజంగా ఆపిందా అని తర్వాత ఎవరూ చూడరు. కొత్త గడి ఏది పెట్టినా పక్కన మూడు సంగతులు రాయించండి: అడిగింది ఎవరు, చదివేది ఎవరు, ఏ తేదీకి మళ్లీ చూస్తారు. ఆరు నెలలు మంచి గడువు. ఆ తేదీ నాటికి చదివినవాళ్లు వచ్చి ‘దీంతో ఫలానా పని చేశాను’ అని చెప్పలేకపోతే అది దానంతటదే పోవాలి, తీయమని మళ్లీ నర్సు వెళ్లి అడుక్కునే అవసరం ఉండకూడదు.